మిసెస్ ట్రస్కాట్ ముంజేతి లేసు

మంగళవారం మధ్యాహ్నం కానింగ్ వేల్‌లో వాన దంచుతోంది. కార్ల బ్రేకులు బాగుచేసే షెడ్డు వెనక ఉన్న చిన్న ఆఫీసు తలుపు తోసుకుని ఒకామె లోపలికొచ్చింది. చేతిలో గొడుగుంది కానీ విప్పలేదు. విప్పాలన్న ధ్యాసే లేకుండా నిలువునా తడిసింది. వెనకాలే స్కూలు యూనిఫాంలో ఏడేళ్ళ పిల్ల.

"శ్యామసుందరి గారంటే మీరేనాండీ?"

"నేనే. కూర్చోమ్మా. మురళీ, ఆ తువ్వాలు ఇటివ్వు."

బాలమురళి తువ్వాలు ఇచ్చి, పిల్లకి బిస్కెట్ల డబ్బా చూపించాడు. అతనిది ప్రొద్దుటూరు. తెల్లారి అయిదింటినుంచి పన్నెండింటిదాకా గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, ఆ తర్వాత ఇక్కడికొస్తాడు. శ్యామసుందరికి అసిస్టెంటునని చెప్పుకోవడం అతనికి గర్వం. ఆమె యాభై ఎనిమిదేళ్ళ మనిషి, తెనాలిలో పంచాంగాలూ ఎక్కాల పుస్తకాలూ అచ్చేసే ప్రెస్సులో పదహారేళ్ళు సీసపు అక్షరాలు ఏరి పేర్చింది. ఇక్కడికొచ్చాక ఆఫీసుల్లో నేల తుడిచింది. తుడుస్తూనే పరీక్ష రాసి ప్రైవేటు డిటెక్టివ్ లైసెన్సు తెచ్చుకుంది. ఆ లైసెన్సు గోడమీద వంకరగా వేలాడుతోంది.

"తెలుగులో అడిగితే రెండిస్తా" అన్నాడు బాలమురళి పిల్లతో.

పిల్ల కాసేపు ఆలోచించింది. "వన్ ఈజ్ ఓకే" అంది.

తల్లి నవ్వలేదు. "నా పేరు ఉదయశ్రీ. మాది బందరు. ఇది పింకీ. నేను పాత నూనెరంగుల బొమ్మలు శుభ్రంచేసి బాగుచేస్తానండీ. మెల్‌బోర్న్ యూనివర్సిటీలో అదే చదివా. ఇప్పుడు రాజారావు అంకుల్ ఫౌండేషన్లో పని. వీసా స్పాన్సర్ కూడా ఆయనే."

రాజారావు బాలమురళికి బాగా తెలుసు. మనుషుల్ని గిడ్డంగులకి అద్దెకిచ్చే కంపెనీ ఆయనది. ఒకప్పుడు బాలమురళి కూడా ఆయన అద్దె సరుకే. ఒంట్లో బాగాలేక ఒకరోజు మానేస్తే వారందాకా పిలుపు ఉండేది కాదు. ఇప్పుడాయన పెద్దమనిషి. పాత దొరల బొమ్మలు కొంటాడు, తెలుగు సంఘంలో దండలు వేయించుకుంటాడు.

"థెల్వెల్ అని ఒక చిత్రకారుడు" అంది ఉదయశ్రీ. "నూట యాభై ఏళ్ళనాటివాడు. బర్మింగ్‌హామ్‌లో గుండీలు చేసేవాడి కొడుకు. మద్రాసులో ఆరేళ్ళు కలెక్టర్ల పెళ్ళాల్నీ జమీందార్లనీ వేశాడు. తర్వాత ఇటొచ్చాడు. ఇక్కడి గొప్పింటి ఆడవాళ్ళందరూ ఆయన ముందు కూర్చున్నవాళ్ళే. ఆయన గొప్పతనమల్లా బట్టలు. పట్టు వేస్తే గరగర వినబడుతుందనేవాళ్ళు, లేసు వేస్తే వేలు దూర్చాలనిపిస్తుందనేవాళ్ళు. ఆయన వేసిన మిసెస్ ట్రస్కాట్ బొమ్మని నేను శుభ్రం చేస్తున్నా. శనివారం సాయంత్రం ముంజేతి లేసు దగ్గర పాత వార్నిష్ తీస్తుంటే, భూతద్దంలో..."

శ్యామసుందరి ముందుకి జరిగింది.

"ఏం కనబడింది?"

"తెలుగక్షరాలు. లేసు మెలికల్లో కలిపేసి, చీమంత. కొ, పక్కన సున్న, డ, య. కొండయ."

బాలమురళి బిస్కెట్ల డబ్బా కింద పెట్టేశాడు. శ్యామసుందరి మాత్రం "ఊ" అంది.

"ఆదివారం అంకుల్ వాళ్ళింట్లో భోజనాలు. ఆయనా, ఆంటీ, థెల్వెల్ మీద పుస్తకం రాసిన పవన్, నేనూ, అంతే. అక్కడే చెప్పా. బొమ్మలోని ఆవిడ ముంజేతి లేసులో తెలుగక్షరాలున్నాయి, ఎవరిదో పేరు, సోమవారం అందరికీ చూపిస్తానని. సోమవారం పదింటికి వెళ్ళి తలుపు తీస్తే..." ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "ఆ మణికట్టు దగ్గర రంగంతా పోయింది. గుడ్డ కనబడేదాకా రుద్దేశారు. నా బల్లమీది, వార్నిష్ కరిగించే మందుతోనే. నేను ఫొటోలు తీశా, కెమెరాలో కార్డు లేదు. ఇప్పుడు అంకుల్ ఏమంటారంటే, నేనే శనివారం ఘాటు మందు వాడి బొమ్మ పాడుచేశానంట, అది కప్పిపుచ్చడానికి అక్షరాల కథ అల్లానంట."

"ఏం చేయమంటాడు?"

"నా అజాగ్రత్తవల్ల పాడైంది, అక్షరాలేవీ లేవు అని కాగితంమీద సంతకం పెట్టమన్నారు, శుక్రవారం మూడింటికల్లా. పెడితే పోలీసులకి చెప్పరంట. పెట్టకపోతే స్పాన్సర్‌షిప్ తీసేస్తారంట. పెడితేనేమో, అలాంటి కాగితం ఉన్నదాన్ని ఇంకెవరు తీసుకుంటారండీ, ఈ పనిలో? మా ఆయన కిట్టు, పింకీ, అందరం నా వీసామీదే ఉన్నాం." తువ్వాలు మడుస్తూ అంది. "రెండ్రోజులుగా నిద్ర లేదు. ఇప్పుడు నాకే అనుమానం వస్తోంది. నిజంగా చూశానా, ఊహించుకున్నానా అని."

బాలమురళికి ఆ మాట అన్నిటికన్నా అన్యాయంగా తోచింది. ఉద్యోగం లాక్కోవడం ఒక ఎత్తు. మనిషి కంటిమీద మనిషికి నమ్మకం లేకుండా చేయడం ఇంకో ఎత్తు.

"చూశావు" అంది శ్యామసుందరి లేస్తూ. "లేనిది ఊహించుకునేవాళ్ళు కొండయ అని ఊహించుకోరు. కొండయ్య అనుకుంటారు. ఇప్పుడు మనం రాసినట్టు. పద."

* * *

పియారా వాటర్స్‌లో రాజారావు ఇల్లు పెద్దది. రెండు కార్లు పట్టే గరాజ్‌ని పనిగదిగా మార్చారు. దాని తాళంచెవి వంటింట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఇంట్లో ఎవరైనా తీసుకోవచ్చు.

మిసెస్ ట్రస్కాట్ నీలం పట్టు గౌనులో కూర్చుని ఉంది. గొర్రెల మందలు వేలకి వేలున్నవాడి పెళ్ళాం. ఎడమచేతిలో విసనకర్ర, కుడిచేయి పుస్తకంమీద. రెండు ముంజేతులకీ తెల్లటి లేసు. ఎడమ మణికట్టు దగ్గర అరచేయంత మేర రంగు చచ్చిపోయి, గోధుమరంగు గుడ్డ పుండులా కనబడుతోంది.

శ్యామసుందరి దాన్ని ఒక్క నిమిషమే చూసింది. తర్వాత కుడిచేతి దగ్గర భూతద్దం పెట్టి పావుగంట కదల్లేదు.

"ఇక్కడ కూడా గోరంత రుద్దారే" అంది.

"అక్కడ అక్షరాల్లేవండీ" అంది ఉదయశ్రీ. "ఆ చేయి పోయినవారమే శుభ్రం చేశా. ఆ చోట ఉత్త లేసు ముడి. గుండ్రంగా, పైన చిన్న టిక్కులాగా."

"ర లాగా?"

"అవును, చూస్తే అలాగే ఉంటుంది. కానీ లేసే."

శ్యామసుందరి భూతద్దం బాలమురళికిచ్చింది. అతనికి రుద్దిన చోటు కనబడింది. దాని పక్కన అంగుళం దూరంలో లేసు మెలికలు, ఒకేలాంటి రెండు కొక్కేలు, తర్వాత జిలేబీ ముక్కలాంటి ఇంకో మెలిక. రంగుమీద పట్టిన సన్నటి పగుళ్ళు వాటి మధ్యలోంచే పోతున్నాయి. చూసి తల ఊపాడు. ఏం చూడాలో తెలియకపోయినా తల ఊపడం అతని అలవాటు.

తర్వాత హాల్లో ఒక్కొక్కరినీ పిలిచింది.

రాజారావు సోఫాలో కాలుమీద కాలేసుకున్నాడు. "చూడండమ్మా, ఆ పిల్లంటే నాకు కోపం లేదండి. తప్పు చేసింది, ఒప్పుకుంటే సరిపోద్ది. పేరు రాసుందంట. దొర వేసిన బొమ్మలో తెలుగోడి పేరేంటండి? శనివారం పుస్తకం రిలీజు పెట్టుకున్నాం, ఈలోగా ఈ గొడవ."

"సోమవారం పొద్దున ఎక్కడున్నారు?"

"ఏడింటికి వాకింగు. ఎనిమిదిన్నర నుంచి పూజ. ఏం, నా బొమ్మ నేనే పాడుచేసుకుంటానా?"

"చేసుకునేవాళ్ళున్నారు లెండి" అంది. చీటీ తీసి పెన్నుతో ఏదో రాసి ఇచ్చింది. "కార్డులైపోయాయి. ఏదైనా గుర్తొస్తే ఈ నంబరుకి చేయండి."

రాజారావు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఓర్నీ, తెలుగంకెలు! మా నాన్న కరణం అండి. దస్తరాలన్నీ ఇవే." ఫోన్ తీసి, చీటీ చూస్తూ, ఒక్కో అంకె గట్టిగా చదువుతూ నొక్కుకున్నాడు.

ఆయన భార్య వసంత సోమవారం పొద్దున్నంతా వంటింట్లోనే ఉన్నానంది. తాళంచెవి ఎవరు తీశారో చూడలేదంది. "ఆ పిల్ల అబద్ధం చెప్పే మనిషి కాదండీ" అని గొంతు తగ్గించి, "ఈ మాట నేనన్నానని ఆయనతో అనకండి" అంది. చీటీ చూసి మురిసిపోయింది. "చిన్నప్పుడు ఈ అంకెలు దిద్దకపోతే మా తాతయ్య తొడపాశం పెట్టేవారు. ఇక్కడ ఏడుంది కదూ?"

తోటపని చేసే గ్రెగ్ ఆదివారం భోజనాలకి లేడు. సోమవారం తాళంచెవి తనూ తీశాడు, గరాజ్‌లో నిచ్చెన కోసం. దాచకుండా చెప్పాడు. చీటీ అటూ ఇటూ తిప్పి, ఇది వసంత గుమ్మంలో వేసే ముగ్గా అని అడిగాడు. శ్యామసుందరి నవ్వి, ఇంగ్లీషంకెల్లో ఇంకోటి రాసిచ్చింది.

ఆఖర్న పవన్. ముప్పై అయిదేళ్ళవాడు, హైదరాబాద్. ఇక్కడి యూనివర్సిటీలో కళాచరిత్ర చెప్తాడు, ఏడాదికోసారి కొత్త కాంట్రాక్టు. థెల్వెల్ జీవితచరిత్ర రాసింది అతనే. అచ్చువేయిస్తున్నది రాజారావు.

"ఉదయశ్రీ మంచి కన్సర్వేటరే, మేడమ్. కానీ ఓవర్‌వర్క్ అయితుంది. లేసులో లూప్స్ చూస్తే ఏమన్నా కనిపిస్తది. మబ్బుల్ల ఏనుగు కనబడ్డట్టు."

"నువ్వు తెలుగు చదువుతావా బాబూ?"

"చదువుతా. ఇంగ్లీష్ మీడియమే గానీ సెకండ్ లాంగ్వేజ్ తెలుగే కదా. కొంచెం స్లో."

"సోమవారం పొద్దున?"

"ఎనిమిదింటికి వచ్చిన. పైన లైబ్రరీల ఆఖరు ప్రూఫ్స్ చూసుకుంటున్న. గరాజ్ వైపు పోలే."

చీటీ అందుకుని, చూసీ చూడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "షూర్ మేడమ్, గుర్తొస్తే కాల్ చేస్తా."

వెళ్ళేటప్పుడు రాజారావు పుస్తకం ప్రూఫు ఒకటి వాళ్ళ చేతిలో పెట్టాడు. కారెక్కాక బాలమురళి అన్నాడు. "అక్కా, కార్డులు నీ బ్యాగులో కట్ట ఉండాయి గదా."

"ఉన్నాయి."

ఒక చీటీ అతనికీ ఇచ్చింది. అందులో సగం అతనికి అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసి జేబులో పెట్టుకున్నాడు.

* * *

బుధవారం మధ్యాహ్నంనుంచి రాత్రిదాకా బాలమురళి పుస్తకం పైకి చదివాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది. దొర ఎవరింట్లో భోంచేశాడు, ఏ గవర్నరు భార్య మెచ్చుకుంది, ఏ గుర్రబ్బండి కొన్నాడు. నాలుగువందల పేజీల్లో రంగు నూరినవాడు ఒక్కడూ లేడు.

"అక్కా, ఇది విను. పద్దెనిమిదివందల డెబ్బైనాలుగు, థెల్వెల్ స్నేహితుడికి రాసిన ఉత్తరం. కొండయ్యకి జొరమంట. మిసెస్ ట్రస్కాట్ నీలం గౌనుతో వచ్చి కూర్చోని పోయిందంట, అయినా గౌను ఇంకా పదిరోజులు ఆగాల్సిందేనంట."

ఆమె కళ్ళు తెరిచింది. "కింద వివరణలో పవన్ ఏం రాశాడు?"

"మద్రాసునుంచి తెచ్చుకున్న నౌకరు, బట్టలు కుట్టేవాడు గావచ్చు, అని."

"సరే. థెల్వెల్ ఎలా పోయాడు?"

బాలమురళి పేజీలు తిప్పాడు. పద్దెనిమిదివందల ఎనభై ఒకటి దాకా థెల్వెల్‌కి ఎదురు లేదు. ఆ ఏడాదినుంచి పేరు పడిపోయింది. తర్వాత వేసిన బొమ్మల్లో ఆడవాళ్ళందరికీ మెడదాకా నల్ల శాలువాలే. పట్టు లేదు, లేసు లేదు. గొప్పింటివాళ్ళు పిలవడం మానేశారు. ఫ్రీమాంటిల్‌లో ఒక లాడ్జిలో దిక్కులేకుండా చచ్చాడు. తాగుడువల్ల చేయి వణికిందని పవన్ రాశాడు.

"ఆ చివరి బొమ్మల ఫొటోలున్నాయా? ముఖాలు చూపించు."

ముఖాలు బాగున్నాయి. కనురెప్ప వెంట్రుకలతో సహా.

"వణికే చేయి రెప్పలు వేస్తుందిట్రా, మురళీ?" అంది ఆమె.

గురువారం మధ్యాహ్నం ఉదయశ్రీ మళ్ళీ వచ్చింది. ఈసారి ఒంటరిగా. కూర్చోలేదు.

"సంతకం పెట్టేస్తానండీ. మీకు చెప్పి వెళ్దామని వచ్చా."

"ఎందుకు?"

"కిట్టు డెలివరీలు మానేసి ఇంట్లో అట్టపెట్టెలు తెస్తున్నాడు. పింకీ వాటిలో దూరి ఆడుకుంటోంది. రాత్రి దాని గడువు తీరిన పాత పాస్‌పోర్టు ఫొటో చూస్తూ కూర్చున్నాడు. నేను ఇవాళ పొద్దున బొమ్మలు తుడిచే దూదిపుల్ల పట్టుకుని చూశా. చేయి నిలవలేదు." చేతులు చాపింది. వేళ్ళు వానలో ఆకుల్లా కదులుతున్నాయి. "ఈ చేతులతో ఇంక బొమ్మలు ముట్టుకోలేను. మంచిపేరుంటే మాత్రం ఏం లాభం? సంతకం పెడితే వీసా అయినా మిగులుతుంది. పేరు రాసినవాడు చచ్చి నూరేళ్ళు దాటుంటుంది. వాడికోసం నా పిల్ల స్కూలు ఎందుకు పోవాలి?"

ఇలాంటి కాగితాలమీద సంతకాలు పెట్టినవాళ్ళని బాలమురళి చూశాడు. అందరూ ఇలాగే మాట్లాడతారు. అలిసిపోయినవాళ్ళ మాట చాలా తెలివిగా వినబడుతుంది.

శ్యామసుందరి లేచి ఆ వేళ్ళని తన రెండు చేతులమధ్యా పట్టుకుంది. "రేపు రెండింటిదాకా ఆగు. మూడింటికి కదా గడువు? ఆ గంట నాకివ్వు. రెండున్నరకి నా దగ్గర జవాబు లేకపోతే పెన్ను నేనే ఇస్తా."

* * *

శుక్రవారం రెండింటికి అందరూ గరాజ్‌లో బొమ్మచుట్టూ నిలబడ్డారు. రాజారావు, వసంత, పవన్, గ్రెగ్, ఉదయశ్రీ. బల్లమీద ఆ కాగితం, దానిమీద పెన్ను. పింకీని స్కూలునుంచి తెచ్చే ఏర్పాటు లేక వెంటపెట్టుకొచ్చారు. గుమ్మంలో కూర్చుని బొమ్మలేసుకుంటోంది.

"తొందరగా కానివ్వండి" అన్నాడు రాజారావు.

"కానిస్తా. మొదట ఒక చిన్న సంగతి. నాకు మీలో ఎవరైనా ఫోన్ చేశారా?"

రాజారావు, వసంత లేదన్నారు. పవన్ మాత్రం "నేను చేసిన మేడమ్, నిన్న. రింగయింది, మీరు ఎత్తలే" అన్నాడు.

"అలాగా. ఇక వినండి. థెల్వెల్ ఉత్తరంలో ఏముంది? కొండయ్యకి జ్వరమొస్తే మిసెస్ ట్రస్కాట్ గౌను ఆగింది. ఆవిడ అప్పటికే గౌను వేసుకుని దొర ముందు కూర్చుంది. ఆగింది కుట్టే గౌను కాదు, బొమ్మలో గౌను. థెల్వెల్ ముఖాలు వేసేవాడు. పట్టు, లేసు వేసింది కొండయ్య. ఎనభై ఒకటిలో దొర చేయి వణకలేదు. ముఖాలు చూడండి, రాయిలా ఉంది చేయి. ఆ ఏడాది పోయింది దొర చేయి కాదు, కొండయ్య. అందుకే ఆడవాళ్ళకి నల్ల శాలువాలు కప్పాడు. నాలుగువందల పేజీల్లో ఒక దొర జీవితం రాశారు గానీ, అందులో సగం ఇంకో మనిషిది."

"కథ బాగుందండి" అన్నాడు రాజారావు. "రుజువేది? అక్షరాలు లేవుగా."

"కుడిచేయి చూడండి. రుద్దిన ముద్ర పక్కన."

రాజారావు భూతద్దం తీసుకుని వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు ఆయన మొహం మారిపోయింది. "ఒకటి... ఒకటి... మూడు" అన్నాడు. "తెలుగంకెలు."

వసంత చూసి నోటిమీద చేయి పెట్టుకుంది. ఉదయశ్రీ భూతద్దం అందుకోబోయింది, చేయి నిలవక మళ్ళీ దించేసింది.

"ఉదయశ్రీ రాసిందనడానికి లేదు" అంది శ్యామసుందరి. "పాత రంగు పగుళ్ళు ఆ గీతల్లోంచి పోతున్నాయి. పగుళ్ళు నిన్నా మొన్నా పుట్టవు. కాబట్టి ఈ లేసులో తెలుగు రాత ఉంది, ఈ పిల్ల చెప్పింది నిజం. మరి పేరు తుడిచిందెవరు? ఏ చెయ్యో ఉదయశ్రీ ఆదివారం చెప్పలేదు. అందుకని ఆ మనిషి రెండు చేతులూ వెతికాడు, ఎడమచేతిమీద పేరు తుడిచాడు. కుడిచేతి దగ్గర ర లాంటి లేసు ముడి కనబడితే భయపడి దాన్నీ రుద్దాడు. అది ఉత్త లేసు. దాని పక్కనే అసలు రాత ఉంది, వదిలేశాడు. ఎందుకు వదిలాడు? అతనికి తెలుగక్షరాలొచ్చు, తెలుగంకెలు రావు."

పింకీ పెన్సిలు గీత వినబడుతోంది.

"గ్రెగ్‌కి అక్షరాలే రావు, అతను ర చూసి భయపడడు. రాజారావు గారూ, మీ ఆవిడా నా చీటీ గడగడా చదివారు. మీరే అయితే ఈ మూడంకెలు ఉండేవి కావు. ఉదయశ్రీకి అంకెలు రావు, నిజమే. కానీ దాచాలనుకునే మనిషి ముందురోజు భోజనాల దగ్గర అందరికీ చెప్పదు." జేబులోంచి ఇంకో చీటీ తీసింది. "పవన్, ఇది నీకిచ్చిన నంబరే. చదువు."

పవన్ చీటీ పట్టుకున్నాడు.

"నిన్న చేశానన్నావు కదా. చదువు నాయనా."

అతను చదవలేదు. చీటీ అంచు తడవడం మొదలైంది, వేళ్ళ చెమటకి.

"పుస్తకం ప్రెస్సుల ఉండె మేడమ్" అన్నాడు చివరికి. "నాలుగేండ్లు. ఆగస్టుల కాంట్రాక్ట్ రెన్యూ కావాలంటే పుస్తకం రావాలె. ఆ ఉత్తరంల కొండయ్యని టైలర్ అని రాసింది నేనే. ఉదయశ్రీ లేసుల ఏదో పేరున్నదనంగనే కొండయ్యదేనని తెలిసిపోయింది. ఒక్క పేరు బయటకొస్తే మొత్తం తప్పయితది. నవ్వుతరు. పని పోతది." ఉదయశ్రీ వైపు చూడలేకపోయాడు. "నీ మీదికి వస్తదని అనుకోలే. వచ్చినంక... ఆగిన. ఊకున్న."

"కెమెరాలో కార్డు?" అంది శ్యామసుందరి.

"ఫ్రీవే మీద పారేసిన. లేదు."

ఉదయశ్రీ కింద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "పేరు పోయిందన్నమాట" అంది. "నేను చూసిందే ఆఖరు."

రాజారావు బల్లమీది కాగితం అందుకున్నాడు. "సరేనండి. అయిందేదో అయింది. మనవాళ్ళ మధ్య గొడవ, బయటికెందుకు? ఆ కాగితం చించేద్దాం. పుస్తకం రేపు కానిచ్చేసి, తర్వాత నెమ్మదిగా..."

బాలమురళి మూడేళ్ళుగా అసిస్టెంటు. ఇలాంటి చోట ఎప్పుడూ నోరు విప్పలేదు. ఇవాళ విప్పాడు.

"మనవాళ్ళా? ఎవురయ్యా మనవాళ్ళు? ఒకరికి వీసా నీ చేతిలో, ఇంకొకరికి పుస్తకం నీ చేతిలో. నీ చేతిలో గొంతులు పెట్టుకోని ఇద్దురూ ఒకరినొకరు పీక్కుంటాంటే నువ్వు సోఫాలో కాలు మీద కాలేసుకుంటివి. మూడుకి ఇంగా ఇరవై నిమిసాలుండాది. ఆ పిల్ల తప్పు లేదని, పని ఉంటాదని రాయి. లేకుంటే వీసా పేరు జెప్పి అబద్ధానికి సంతకం అడిగినావని పనివాళ్ళ ఆఫీసుకి నేనే పోయి చెప్తా. నాకు ఆడికి పోయే దావ తెలుసు, నీ దెబ్బకే తెలిసింది."

రాజారావు భార్యకేసి చూశాడు. వసంత పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టింది. "రాయండి" అంది. ఈసారి గొంతు తగ్గించలేదు.

ఆయన రాశాడు. సంతకం పెట్టాడు. రెండూ యాభై.

ఉదయశ్రీ ఆ కాగితం చేతిలో పట్టుకునే ఉంది, చదవలేదు. కుడి ముంజేయికేసి చూస్తోంది. "నూట పదమూడంటే ఏంటండీ? సంవత్సరం కాదుగా."

"అదే నాకూ తెలీదు" అంది శ్యామసుందరి. ఆమె తెలీదనడం బాలమురళి మొదటిసారి విన్నాడు.

అతను చంకలోని ప్రూఫు తీశాడు. చివర్న థెల్వెల్ బొమ్మల జాబితా ఉంది, వేసిన వరసలో, ఇప్పుడు ఏది ఎక్కడ వేలాడుతోందో రాసి. పవన్ నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగి చేసిన జాబితా. బాలమురళి వేలు పెట్టి లెక్కపెట్టాడు. మద్రాసులో మొదటి కలెక్టరు భార్య, ఒకటి. పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. అందరూ అతని వేలే చూస్తున్నారు.

"నూట పన్నెండు, మిసెస్ కార్బెట్" అన్నాడు. వేలు కిందికి జరిగి ఆగింది. "నూట పదమూడు. మిసెస్ ట్రస్కాట్."

పేరు పైకి చెప్పుకోనివ్వని చోట ఆ మనిషి తన పని తను లెక్కపెట్టుకున్నాడు. ఒక్కో గౌనుకి ఒక్కో అంకె. ఈ గౌనుమీద పేరు పోయింది. కానీ ఇది ఒక్కటే కాదు.

"ఎనభై ఒకటి దాకా ఎన్నున్నాయి?" అంది ఉదయశ్రీ.

"నూట తొంభై ఆరు" అన్నాడు పవన్, నేలకేసి చూస్తూనే. "అడ్రసులు కరెక్టే. నేనే పోయి చూసిన అన్నీ."

ఉదయశ్రీ లేచింది. వేళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. ఆ వేళ్ళతోనే బల్లమీది భూతద్దం తీసుకుని బ్యాగులో వేసుకుంది. "నూట పద్నాలుగు ఎక్కడ?"

"గిల్డ్‌ఫర్డ్. ఒక చర్చి హాలు. అయిదింటిదాకా తెరిచుంటారంట" అన్నాడు బాలమురళి.

బయట వాన తగ్గలేదు. ఉదయశ్రీనీ పింకీనీ వెనక సీటులో కూర్చోబెట్టి, బాలమురళి స్టీరింగు ముందు కూర్చుని కాసేపు కారు తీయలేదు. మూడు రోజులుగా జేబులో నలుగుతున్న చీటీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అక్కా, నాకూ రావు ఈ అంకెలు. ఆ హాల్లో ఏం చూడాలో తెలియల్ల గదా. నాలుగెట్లా రాస్తారు?"

శ్యామసుందరి వేలితో, ఆవిరి పట్టిన అద్దంమీద, మెల్లగా రాసి చూపించింది. వెనకనుంచి పింకీ ముందుకి వంగి, తన వైపు అద్దంమీద అదే దిద్దడం మొదలుపెట్టింది.